ప్రశాంతం అని రాసిన పన్నెండు రోజులు

కామారెడ్డి,
ఆదివారం మధ్యాహ్నం

శాంతక్కకు,

చెల్లెలు రాజమణి వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. మీరంతా కూడా అట్లాగే ఉండాలని రోజూ పొద్దున ప్రార్థనలో అడుగుతున్నాను. బావకు నడుము పట్టేసింది తగ్గిందా? స్నేహకు ఎల్లారెడ్డి కాలేజీ బస్సులో సీటు దొరుకుతున్నదా, ఇంకా నిలబడే పోతున్నదా? ఈ ముసురుకు నువ్వు చుట్టిన బీడీలు ఆరుతున్నాయో లేదో, ఇంటి ముందు పోసిన మక్కలు తడిశాయో ఏమో. నా గురించి మాత్రం రంది పడకు. తిండికి లోటు లేదు. సాంబారు నీళ్ళలాగే ఉంటుంది గానీ కడుపు నిండుతుంది.

లింగంపేట నుంచి కామారెడ్డికి ఎంత దూరమని, దుబాయికి పోయినదానిలాగా ఉత్తరం రాస్తున్నదేమిటని నవ్వుకుంటావు. నవ్వకు అక్కా. నువ్వు ఫోను స్పీకర్‌లో పెట్టి చాట పక్కన పెట్టుకుంటావు. నీ చుట్టూ కూర్చుని బీడీలు చేసేవాళ్ళంతా నా మాటలు వింటారు. ఇక్కడ నా గదిలో నలుగురం ఉంటాం. ఇక నాకున్న కోపానికి నోరు తెరిస్తే అరుస్తానే తప్ప మాట్లాడలేను. అందుకే కాగితం పట్టుకున్నాను.

బుధవారం మాట్లాడుతుండగా ఫోను కట్టయింది కదా. సిగ్నల్ పోలేదు. నేనే పెట్టేశాను. మన బాపు గురించి నువ్వేమన్నావో నీకు గుర్తుందా? "చొక్క తొడుగుతుంటే కొడుతుండు, బూతులు తిడుతుండు. మొండికి పడ్డడు. ముసలి పానం, గట్లనే ఉంటది తియ్యి" అన్నావు. సరిగ్గా ఆ మాటే నేనిక్కడ పదకొండు నెలలుగా వింటున్నాను. వినడమే కాదు, నేనూ అన్నాను. ఆ మాట వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్తాను. తర్వాత నువ్వు నన్ను తిట్టుకున్నా సరే.

మా వృద్ధాశ్రమంలో సుమన్‌బాయి అని ఒక ముసలామె ఉండేది. ఎనభై దాటి ఉంటాయి. పుట్టింది మహారాష్ట్ర వైపు, పెళ్ళయి ఇటు వచ్చింది. ఆమె కూతురు వసంత మేడం ఎల్లారెడ్డిలో బడి పంతులమ్మ. భర్త లేడు, ఒక్కతే. మతిమరుపు వచ్చిన తల్లిని ఇంట్లో పెట్టి తాళం వేసి బడికి పోలేక, రెండేళ్ళు అవస్థపడి ఇక్కడ చేర్చింది. ప్రతి ఆదివారం పొద్దుటి బస్సుకు వచ్చి సాయంత్రం దాకా తల్లి పక్కనే కూర్చునేది. వదిలేసి పోయిన బిడ్డ కాదు. అది ముందే చెప్తున్నాను, ఎందుకంటే తల్లిని ఇక్కడ పడేసి పోయిందని మా వాళ్ళు మొదట తప్పంతా ఆమె మీదికి నెట్టాలని చూశారు.

సుమన్‌బాయికి ఇదివరకు తెలుగు బాగా వచ్చేదట. మతి పోతున్నకొద్దీ తెలుగు కూడా పోయి, చిన్నప్పటి మరాఠీ ఒక్కటే మిగిలింది. మాలో ఎవరికీ మరాఠీ రాదు. అయినా ఆమెతో ఇబ్బంది ఉండేది కాదు. జడ వేస్తే నా చేతిని ముద్దు పెట్టుకునేది. పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేస్తే, దూరంగా పట్టాల మీద పోయే గూడ్సు డబ్బాలు లెక్కపెట్టేది.

ఒక బుధవారం పొద్దున మంచం మీది నుంచి కుర్చీలోకి మారుస్తుంటే జారి కింద పడింది. నేనూ, లచ్చవ్వా ఇద్దరం అక్కడే ఉన్నాం. లచ్చవ్వ ఇక్కడ అందరికంటే పాత ఆయా, నాకు పని నేర్పింది ఆమే. ఇద్దరం చెరో చంక కింద చెయ్యేసి లేపి మంచం మీద పడుకోబెట్టాం. రక్తం రాలేదు, ఎక్కడా కమలలేదు. నేను భయపడ్డాను.

"సూపర్‌వైజర్ మేడంకు చెప్పొస్త అత్తా."

"చెప్పు. ఏమైతది, రక్తం రాలే ఏం రాలే" అంది లచ్చవ్వ.

చెప్పాను అక్కా. వెంటనే పోయి చెప్పాను. మేడం ఫోను చూస్తూనే అడిగింది.

"పడ్డప్పుడు ఏడ్చిందా?"

"లేదు మేడం. గట్టిగా ఊపిరి తీసుకుంది."

"ఏడ్వకపోతే ఇంకేంది? పండవెట్టుండ్రి. రేపటికల్ల మంచిగైతది."

అంతే. లేచి వచ్చి చూడను కూడా లేదు. నేనూ సరేనని వచ్చేశాను.

మర్నాటి నుంచి ఆమె మారిపోయింది. కుర్చీలో కూర్చోదు. అన్నం నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించేది. స్నానం చేయించడానికి పక్కకు తిప్పితే గోళ్ళతో రక్కేది, కొట్టేది. నా మోచేతి మీద ఇంకా మచ్చ ఉంది. ఎప్పుడు దగ్గరికి పోయినా ఒకటే మాట. "దుక్తయ్, దుక్తయ్" అనేది. కొన్నిసార్లు "ఖూప్ దుక్తయ్ గ" అనేది.

మేమేం అనుకున్నామో చెప్పాలంటే సిగ్గేస్తున్నది. దుక్తయ్ అంటే దుఃఖం అనుకున్నాం. బిడ్డ గుర్తొచ్చి దుఃఖపడుతున్నదని లచ్చవ్వ అంటే అందరం అవునన్నాం. ఖూప్ అంటే కప్పు అనుకున్నాం. కప్పు అడుగుతున్నదని చాయ్ తెచ్చి పెట్టేవాళ్ళం. ఆమె చాయ్ నెట్టేస్తే "అడుగుతది, తెస్తే పారబోస్తది" అని విసుక్కునేవాళ్ళం. ఆమె కుడికాలు పాదం బయటికి తిరిగి పడి ఉండేది. రోజూ చూశాను. అట్లా పడుకోవడం అలవాటేమో అనుకుని దాని మీద దుప్పటి సరిచేశాను. దుప్పటి ముడతలు లేకుండా ఉండాలని మాకు బాగా నేర్పించారు కదా!

స్నానం చేయించేటప్పుడు ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకునే పని నాది. లచ్చవ్వ తిప్పేది, నేను పట్టుకునేదాన్ని. ఆమె నా ముఖంలోకే చూస్తూ దుక్తయ్ అనేది. నేను "అయిపాయె అవ్వా, అయిపాయె" అనేదాన్ని.

పని అయ్యాక రిజిస్టరు రాయాలి. ప్రతి మనిషికీ ఒక పేజీ. తిన్నారా, స్నానం అయిందా, ఎట్లా ఉన్నారు అని గడులు. ఎట్లా ఉన్నారు అనే గడిలో ఏం రాయాలో నేను పనిలో చేరిన మొదటి రోజే మేడం చెప్పింది. "ప్రశాంతం అని రాయి. చుట్టాలు చూస్తరు." పన్నెండు రోజులు, పన్నెండు సార్లు, నా చేత్తో నేను ప్రశాంతం అని రాశాను. మన బడిలో సార్ మెచ్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాశాను.

నువ్వు అడగొచ్చు, ఆదివారం కూతురు వచ్చింది కదా, ఆమెకు మరాఠీ వచ్చు కదా అని. అక్కడే నాకు కడుపు మండిపోతున్నది. నిద్ర పట్టనప్పుడు ఇవ్వమని ఎప్పుడో డాక్టరు రాసిన గోలీ ఒకటి ఉంది. ఆదివారం పొద్దున సూపర్‌వైజర్ మేడం ఆ గోలీ నా చేతిలో పెట్టింది.

"బిడ్డ రాకముందే ఇచ్చెయ్. లేకపోతే ఆమె ముంగట లొల్లి జేస్తది, ఆ మేడం మనల్ని అడుగుతది."

ఇచ్చాను. వసంత మేడం వచ్చేసరికి తల్లి మత్తుగా నిద్రపోతున్నది. ఆమె పాపం లేపకుండా, పాదాలు నిమురుకుంటూ సాయంత్రం దాకా కూర్చుని పోయింది. ఆ పాదాలే అక్కా. వంకరగా తిరిగిన పాదాన్ని దుప్పటి పైనుంచే నిమిరింది. మరుసటి ఆదివారం కూడా అంతే. గోలీ ఇచ్చింది నేనే. మేడం చెప్పిందని ఇచ్చాను అని ఎన్నిసార్లు అనుకున్నా, చెయ్యి నాదే కదా.

ఆ రెండో ఆదివారం ఆమెను సాగనంపడానికి గేటు దాకా పోయాను. ఆమె సంచి సర్దుకుంటూ, "అమ్మ ఈ మధ్య నిద్రలోనే ఉంటుంది, నాతో మాట్లాడి పదిహేను రోజులైంది" అని కళ్ళు తుడుచుకుంది. నాకు జాలేసింది. ఓదారుద్దామని నోరు తెరిచాను.

"మిమ్ములను యాది చేసుకుంటది మేడం. రోజు దుఃఖపడ్తది. దుక్తయ్ దుక్తయ్ అని ఒక్కటే ఏడుపు."

ఆమె ఆగిపోయింది.

"ఏమంటుంది? మళ్ళొకసారి అను."

"దుక్తయ్ అంటది. ఖూప్ దుక్తయ్ గ అంటది. దుఃఖం అయితున్నదని గదా మేడం?"

"దుఃఖం కాదు రాజమణీ. నొప్పి. నొప్పి పెడ్తున్నదే, బాగా నొప్పి పెడ్తున్నదే అంటుంది అమ్మ" అని సంచి అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను.

దుప్పటి లాగేసింది. కాలు మీద చెయ్యి పెట్టగానే ఆ మత్తులోనే ముసలామె ముఖమంతా ముడుచుకుపోయింది. కూతురు చెవి దగ్గర వంగి, "ఆయీ, కుఠె దుక్తయ్?" అని అడిగింది. అమ్మా, ఎక్కడ నొప్పి అని. సుమన్‌బాయి కళ్ళు తెరిచింది. తడుముకుంటూ చెయ్యి తెచ్చి కుడి తుంటి మీద పెట్టింది. "ఇథె" అంది. ఇక్కడ అని.

ఒక్క ప్రశ్న అక్కా! పన్నెండు రోజుల్లో మేమెవరం అడగని ఒక్క ప్రశ్న. మరాఠీ రాదు అనేది సాకు. ఎక్కడ నొప్పి అని తెలుగులో అడిగి, ఒళ్ళు మెల్లగా తడిమి చూసినా ఆమె ముఖమే చెప్పేది. మాకు అడగాలని తోచలేదు. ఎందుకంటే ముసలివాళ్ళకు నొప్పి అనేది వేరే సంగతి కాదు, అది ముసలితనంలోనే కలిసి ఉంటుందని మేము నమ్మేశాం.

ఆ సాయంత్రమే కామారెడ్డిలో ఎక్స్‌రే తీయించారు. తుంటి దగ్గర తొడ ఎముక విరిగి ఉంది. పన్నెండు రోజులుగా విరిగిన ఎముకతో ఉన్న మనిషిని మేము రోజూ ఇటూ అటూ తిప్పి స్నానం చేయించాం.

నిజామాబాద్‌లో ఆపరేషన్ అయింది. దేవుడు దయ చూపాడు, ఆమె బతికింది. ఇప్పుడు ఎల్లారెడ్డిలో కూతురి ఇంట్లోనే ఉంది. వసంత మేడం బడికి సెలవు పెట్టింది. ఇద్దరు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నదట, అన్నం తింటున్నదట. "అమ్మ ఇప్పుడు ఎవరినీ కొట్టట్లేదు" అని ఫోనులో చెప్పింది. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టయింది. కొట్టడం ఆమె గుణం కాదు. మాకు అర్థమయ్యే మాట ఇంకొకటి లేక కొట్టింది.

ఆపరేషన్ అయిన వారానికి సూపర్‌వైజర్ మేడం నన్ను ఆఫీసులోకి పిలిచింది. టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టింది. సుమన్‌బాయి పడిన సంగతి ఆయాలు ఎవరూ ఆఫీసుకు చెప్పలేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు. నీ ఉద్యోగానికి ఏం గాదు, నేను చూసుకుంట."

"నేను చెప్పిన గద మేడం. మీరు ఏడ్చిందా అని అడిగిండ్రు."

"ఎవరు విన్నరు?"

"దేవుడు విన్నడు. మీరు విన్నరు."

నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. పెన్ను తీసుకుని ఆ కాగితం వెనక్కి తిప్పి, నా గుండ్రటి అక్షరాలతోనే రాశాను. పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను, వెంటనే మేడంకు చెప్పాను, డాక్టరును పిలవలేదు, నేను మళ్ళీ అడగలేదు, ఆదివారాలు గోలీ ఇచ్చింది నేనే, రోజూ ప్రశాంతం అని అబద్ధం రాసింది కూడా నేనే. కింద సంతకం పెట్టాను. మేడం దాన్ని చింపేసింది. నేను బయటికి వచ్చి ఇంకో కాగితం మీద అదే రాసి వసంత మేడంకు పంపాను.

ఆమె ఊరుకోలేదు. యజమాని దగ్గరికి వచ్చి కూర్చుంది. కేసు పెడతానని అనలేదు. "మీ వాళ్ళకు నేర్పించండి. నేర్పించే దాకా నేను వస్తూనే ఉంటాను" అంది. భయపడ్డాడో, సిగ్గుపడ్డాడో, ఆయన విమల సిస్టర్ అనే రిటైరైన నర్సును పిలిపించాడు. ఒక మధ్యాహ్నం ఆయాలందరినీ కూర్చోబెట్టి ఆమె చెప్పింది. నోటితో చెప్పలేని మనిషికి నొప్పి ఉందని ఎట్లా తెలుసుకోవాలో చెప్పింది. నుదురు ముడుచుకోవడం, పళ్ళు బిగించడం, అన్నం వద్దనడం, ముట్టుకుంటే చెయ్యి నెట్టేయడం, ఎప్పుడూ లేనిది తిట్టడం, లేదంటే మాటే మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం. మనిషి మారితే ముందు నొప్పేమో అని చూడమంది. అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాం.

లచ్చవ్వ ఒక్కతే ఎదురు మాట్లాడింది. "నొప్పి నొప్పి అని గోలీలు ఇస్తే అలవాటైతది గద సిస్టరమ్మా?"

"అలవాటైతదని నిద్రగోలీ ఇచ్చుడు మాత్రం మానలేదు గదా లచ్చవ్వా" అంది సిస్టర్. "ఏ గోలీ, ఎంత అనేది డాక్టర్ చూసుకుంటడు. నొప్పి ఉన్నదని ఆయనకు చెప్పేది ఎవరు? నువ్వే."

లచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మెల్లగా ఒక్కొక్క పేరు చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో తాను మొండివాళ్ళని, పిచ్చివాళ్ళని అనుకుని చేతులు పట్టుకున్న వాళ్ళ పేర్లు. ఎవరం ఆపలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్క పూట! చెప్పడానికి పట్టింది ఒక్క పూట. పదకొండు నెలల్లో ఆ ఒక్క పూట ఎందుకు దొరకలేదు? దుప్పటి మడత నేర్పారు, వచ్చినవాళ్ళకు నమస్తే పెట్టడం నేర్పారు, గడిలో ఏం రాయాలో నేర్పారు. నొప్పి గురించి ఎవరూ నోరెత్తలేదు. పొద్దంతా మనుషుల ఒళ్ళు ముట్టుకునే పని మాది, అక్కా. బీడీలు చేసే కాడ కొత్త పిల్ల వస్తే ఆకు కత్తిరించడం కూడా పదిరోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతావు కదా నువ్వు. మనిషికి ఆకుకున్న విలువ లేదా?

నన్ను ఇప్పుడు బట్టలుతికే కాడికి మార్చారు. శిక్షే అది, పేరు వేరే పెట్టారు. పరవాలేదు, నేను బాగానే ఉన్నాను. చేతులు సబ్బుకు పగులుతున్నాయి అంతే. స్నేహ వచ్చేటప్పుడు కొబ్బరినూనె, నువ్వు నూరిన పండుమిరప తొక్కు ఒక సీసాలో పంపు. మొన్న లచ్చవ్వ నా దగ్గరికి పరుగున వచ్చింది. అన్నం మానేసిన యాదగిరి తాతను నోరు తెరిపించి చూసిందట. చిగురు వాచి చీము పట్టి ఉంది. "డాక్టర్ వచ్చేదాక నేను ఈన్నుంచి కదల అని కూసున్న రాజమణీ, పిలిచిండ్రు" అని చెప్పి నా తడి చేతులు పట్టుకుంది. ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న ఆమె అట్లా సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇక బాపు సంగతి. నా కోపం నీ మీద కాదు అని రాద్దామనుకున్నాను. కానీ అబద్ధం రాయడం మానేశాను. నీ మీద కూడా కోపమే. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన మనిషి, మాట పోయి ఒకటి రెండు బూతులే మిగిలిన మనిషి, చొక్కా తొడిగేటప్పుడే కొడుతున్నాడంటే మొండితనమా? అన్నం పెట్టేటప్పుడు కొడుతున్నాడా? కొట్టడు. పడిపోయిన ఆ చెయ్యి నువ్వు ఎత్తినప్పుడే కొడతాడు. విమల సిస్టర్‌ను అడిగాను. పడిపోయిన చేతికి భుజం దగ్గర చాలా నొప్పి ఉండొచ్చట, గుంజితే ఇంకా చెడుతుందట.

చంక కింద చెయ్యేసి లేపవద్దని బావకు చెప్పు. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి తొడుగు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర విప్పు. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టు. ఆయన ముఖం చూస్తూ తొడుగు, చొక్కా చూస్తూ కాదు. ఈ వారంలోనే ఎల్లారెడ్డి ఆసుపత్రికి తీసుకుపో. అక్కడ డాక్టరు ముసలితనం అని పంపించేస్తే లేవకు, భుజం చూడమని అడుగు. ఒక రోజు బీడీలు పోతే పోనీ.

నీకొక్కదానికే చెప్తున్నానని అనుకోకు. పోయిన నెల సెలవుకు వచ్చినప్పుడు బాపు నన్ను చెంప మీద కొట్టాడు, నీకు చెప్పలేదు. బనీను తొడుగుతూ ఆ చెయ్యి నేనే గుంజాను. ఆశ్రమంలో పనిచేసేదాన్ని, నాకంతా తెలుసనుకున్నాను. కొట్టాడని అలిగి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. బస్సుకు బయల్దేరేటప్పుడు కూడా పోయొస్తానని చెప్పకుండానే వచ్చాను. ఆయన వాకిట్లో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

బావకు, అత్తమ్మకు, చర్చిలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. స్నేహకు ముద్దులు. మీ అందరి ప్రార్థనల్లో నన్ను జ్ఞాపకం చేసుకోండి. కోపంలో మాట ఎక్కువైతే చిన్నదాన్నని క్షమించు.

ఈ ఉత్తరం బాపుకు గట్టిగా చదివి వినిపించు అక్కా. ఆయనకు మాట రాదు గానీ అన్నీ వినబడతాయి, అన్నీ తెలుస్తాయి. చదవడం అయ్యాక, నొప్పి ఎక్కడున్నదో నీ చిన్నబిడ్డ రాజమణి అడుగుతున్నదని ఆయనకు చెప్పు. ఎడమ చేత్తో చూపిస్తాడు. తొందరపెట్టకుండా చూడు.

నీ చెల్లెలు
రాజమణి